పోనీలే అంటే... పెరడంతా పోతుంది!

కడపలోనో కర్నూలులోనో ఏ వీధిలోకి వెళ్లినా కనిపించే పెరడే అది. బట్టలుతికే బండ పక్కన బొప్పాయి చెట్టు, గోడవారగా నాలుగు బెండ మొక్కలు, రెండు మిరప, కుండీల్లో చామంతులు, నీళ్లు పారే మూలన అరటి గుబురు. బోరు అడుగంటే నెలల్లో కూడా బియ్యం కడిగిన నీళ్లూ, స్నానాల నీళ్లూ పోసి బతికించుకున్న మొక్కలు. అందుకే వాటి మీద అంత మమకారం.

ఆ బొప్పాయికి ఓ రోజు చిటారు ఆకులు పచ్చ, పసుపు కలిసిన మచ్చలతో కనిపిస్తాయి. వారం తిరిగేసరికి కొత్త ఆకు వెడల్పు తగ్గి, ముడుచుకుని, చివరికి తాడు పేలికలా తయారవుతుంది. ఆకు కాడల మీద నూనె పూసినట్టు ముదురు చారలు. కాయల మీద గుండ్రటి వలయాలు.

‘‘అక్కా, ఏంది మీ బొప్పాయి ఇట్లయిపాయ?’’ అని పక్కింటామె అడుగుతుంది.

‘‘ఏమోమ్మా, మందు కొట్టిస్తే సరిపోతుందిలే’’ అంటుంది ఇంటావిడ.

ఎరువుల అంగడి నుంచి మందు వస్తుంది. ఒకసారి కొడతారు, రెండుసార్లు కొడతారు. ఫలితం ఉండదు. చెట్టుకు ఇంకా కాయలున్నాయి. నరకడానికి చేతులు రావు. ‘ఈ ఒక్క కాపూ అయిపోనీలే’ అనుకుంటారు.

ఆ ‘పోనీలే’యే జబ్బుకు కావాల్సింది. అది ఒక్క బొప్పాయితో ఆగదు మరి!

మందులేని జబ్బు

మొక్కలకు వచ్చే తెగుళ్లలో బూజు వల్ల వచ్చేవి కొన్ని, బాక్టీరియా వల్ల వచ్చేవి కొన్ని, వైరస్ వల్ల వచ్చేవి కొన్ని. బూజు తెగులుకు మందులున్నాయి. సమయానికి చల్లితే అదుపులోకి వస్తుంది. వైరస్ అలా కాదు. అది ఆకు మీద కూర్చుని ఉండదు. మొక్క కణంలోకి దూరిపోయి, ఆ కణం చేతే తనలాంటివాటిని తయారుచేయించుకుంటుంది. దాన్ని చంపాలంటే కణాన్ని చంపాలి. అందుకే వైరస్ సోకిన మొక్కను నయం చేసే మందేదీ అంగట్లో దొరకదు. ‘వైరస్‌కు మందు’ అని అమ్మేవాటిలో చాలావరకు దాన్ని మోసే పురుగును చంపేవే, లేదా మొక్కకు బలం అని చెప్పేవే.

అసలు వైరస్ అనేది ఒకటుందని మనిషికి తెలిసిందే మొక్కల వల్ల. పొగాకు ఆకుల మీద మచ్చలు తెచ్చే జబ్బును పరిశీలిస్తూ 1892లో రష్యాకు చెందిన ఇవనోవ్‌స్కీ ఓ వింత గమనించాడు. జబ్బు మొక్క రసాన్ని బాక్టీరియా కూడా దూరలేని వడపోత గుండా పంపినా, ఆ రసం మరో మొక్కకు జబ్బు తెప్పిస్తోంది. 1898లో హాలెండ్ శాస్త్రవేత్త బైజరింక్ దానికి ‘వైరస్’ అన్న పేరు వాడాడు. మనుషుల వైరస్‌ల సంగతి ఆ తర్వాతే తేలింది.

ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. మొక్కల వైరస్ మనుషులకు సోకదు. వలయాలు పడిన బొప్పాయి కాయ తింటే ఏమీ కాదు. తీపి తగ్గుతుంది, రుచి పోతుంది, అంతే. పిల్లలకు పెట్టామే అని బెంగపడక్కర్లేదు. భయపడాల్సింది పక్కనున్న మొక్కల కోసం.

అనంతపురం నేర్పిన పాఠం

‘ఒక కలుపు మొక్క, ఒక జబ్బు ఆకు... ఏమవుతుందిలే’ అనుకునేవాళ్లకు 2000 సంవత్సరం ఖరీఫ్ గుర్తుచేయాలి. కర్నూలు, కడప రెండింటికీ పొరుగునున్న అనంతపురం జిల్లాలో ఆ ఏడు వేరుశనగ చేలు ఎండిపోయాయి. వాన లేక కాదు, తెగులు వచ్చి. లేత మొక్కల చివరి ఆకుల మీద మాడిన మచ్చలు కనిపించాయి. ఆ మాడు కాడల్లోంచి కాండంలోకి దిగింది. మొవ్వు చచ్చిపోయింది. మొక్క నిలువునా ఎండింది. దాదాపు 2 లక్షల 25 వేల హెక్టార్లలో, అంటే అయిదున్నర లక్షల ఎకరాలకు పైగా, పంట దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా వేశారు.

శనక్కాయ రైతుకు మొవ్వుకుళ్లు తెగులు పాత పరిచయమే. ఇదీ చూడటానికి అలాగే ఉంది. కానీ పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తేల్చిందేమిటంటే, ఇది వేరే వైరస్. పేరు టొబాకో స్ట్రీక్ వైరస్. 1997లో కర్ణాటకలో పొద్దుతిరుగుడు చేలను ఎండబెట్టిందీ ఈ జాతి తెగులే.

మరి ఇంత పెద్ద ఎత్తున చేలల్లోకి ఎలా వచ్చింది? రోడ్డు పక్కన, బీడు భూముల్లో, గట్ల మీద తెల్లటి చిన్న పూలతో ఊగే వయ్యారిభామ నుంచి! ఈ కలుపులో వైరస్ ఉన్నా చాలావరకు పైకి ఏ గుర్తూ కనిపించదు. నిగనిగలాడుతూనే ఉంటుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. గాలికి ఆ పుప్పొడి పక్క చేలో ఆకుల మీద పడుతుంది. కొంత తామర పురుగుల ఒంటికి అంటుకుని వస్తుంది. కంటికి సరిగా ఆనని ఈ పురుగులు ఆకును గీరి రసం పీలుస్తాయి. ఆ గీరిన గాయం గుండా పుప్పొడిలోని వైరస్ మొక్కలోకి దిగుతుంది.

వయ్యారిభామ మన దేశపు మొక్క కూడా కాదు. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలది. మన దేశంలో 1950లలో పుణె దగ్గర దీన్ని గుర్తించారు. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. తొలకరి పడగానే మొలుస్తుంది. శనగ విత్తు మొలిచి నాలుగు ఆకులు వేసే వేళకు ఇది పూతకు వస్తుంది. ఆ తర్వాత వాన మొహం చాటేసి పొడి వాతావరణం వస్తే తామర పురుగులకు పండగే. సీమలో వాన మధ్యలో మొహం చాటేయని ఏడు ఎన్ని చూశాం గనక?

శాస్త్రవేత్తలు చెప్పిన నివారణలో ప్రధానమైనది చేతితో చేసే పనే. పూతకు రాకముందే చేను చుట్టూ వయ్యారిభామను పీకేయడం. చేను అంచుల్లో కొన్ని సాళ్లు జొన్నో సజ్జో వేసి పుప్పొడికీ పురుగుకూ అడ్డుగోడ కట్టడం. వేరుశనగ పక్కనే పొద్దుతిరుగుడు వేయకపోవడం. దాంతోపాటు విత్తనశుద్ధి. చేనుకు పనికొచ్చిన ఈ సూత్రమే పెరటికీ పనికొస్తుంది. జబ్బును నయం చేయలేం, దాని దారి మూయగలం.

ఏ మొక్కకు ఏ గుర్తు?

పెరట్లో ఎక్కువగా కనిపించే వైరస్ తెగుళ్లు నాలుగైదే. వాటి గుర్తులు తెలిస్తే సగం పని అయినట్టే.

బొప్పాయి: పైన చెప్పిన మచ్చలూ, వలయాలూ రింగ్‌స్పాట్ వైరస్‌వి. దీన్ని పేనుబంక మోసుకొస్తుంది. చిత్రమేమిటంటే బొప్పాయి మీద పేనుబంక కాపురం పెట్టదు. ఎక్కడి నుంచో ఎగిరొచ్చి, ఆకులో ఒకసారి ముల్లు గుచ్చి, రుచి నచ్చక ఎగిరిపోతుంది. ఆ కొద్ది క్షణాలు చాలు వైరస్ ఎక్కడానికి. అందుకే పురుగు కనిపించదు, పురుగుమందు చల్లినా లాభం ఉండదు. మందు తగిలి పురుగు చచ్చేలోపే జబ్బు ఎక్కేసి ఉంటుంది. ఇంకో మోసం ఉంది. చలికాలంలో గుర్తులు కొట్టొచ్చినట్టు కనిపించి, ఎండలు ముదిరాక కొత్త ఆకులు కాస్త తేరుకున్నట్టు ఉంటాయి. ‘చెట్టు బాగయింది’ అనుకుంటారు. బాగవ్వదు, గుర్తు మరుగున పడిందంతే.

బెండ: ఆకు ఈనెలు వలలాగా పసుపు పచ్చగా మారతాయి. తర్వాత ఆకంతా పసుపు. కాయలు చిన్నవై, పాలిపోయి, గట్టిపడతాయి. ఇది పల్లాకు తెగులు. కొందరు శంఖు రోగం అంటారు. తెల్లదోమ తెస్తుంది. బొప్పాయి పేనుబంకలా కాక, తెల్లదోమ ఒకసారి వైరస్‌ను ఎక్కించుకుందంటే రోజుల తరబడి మోస్తూనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ దోమను అదుపు చేస్తే కొంత ఫలితం ఉంటుంది. పర్భణీ క్రాంతి, అర్క అనామిక లాంటి రకాలు ఈ తెగులును తట్టుకుంటాయని వచ్చినవే. అయితే ఏళ్లు గడిచేకొద్దీ ఆ తట్టుకునే శక్తి చాలాచోట్ల తగ్గింది. విత్తనం కొనేటప్పుడు ఇప్పుడు మీ ప్రాంతంలో ఏది నిలబడుతోందో అడిగి కొనాలి.

అరటి: కొత్త ఆకులు పొట్టిగా, సన్నగా, నిటారుగా వచ్చి, చివర ఒకేచోట గుత్తిలా కట్టుకుపోతే అది వెర్రితల తెగులు. ఆకు కాడ మీద, ఈనెల వెంట ముదురు ఆకుపచ్చ గీతలూ చుక్కలూ కనిపిస్తాయి. దీన్నీ పేనుబంకే మోస్తుంది. అంతకన్నా ఎక్కువగా మనుషులు మోస్తారు, పిలకల రూపంలో.

మిరప, టమాటా: ఆకు చిన్నదై, ముడుచుకుని, మొక్క గిడసబారితే తెల్లదోమ తెచ్చే ఆకుముడత వైరస్ కావచ్చు. పచ్చ, లేత పచ్చ మచ్చలు గళ్లుగళ్లుగా కనిపిస్తే మొజాయిక్. టమాటాకూ మిరపకూ వచ్చే మొజాయిక్‌లలో ఒకటి పొగాకు జాతి వైరస్. దానికి పురుగు కూడా అక్కర్లేదు. చేతులే చాలు. ఎండిన పొగాకులో కూడా అది ఏళ్ల తరబడి బతుకుతుంది. బీడీ చుట్టి కాల్చిన చేత్తో నారు పీకితే ఆ వేళ్లే దాన్ని అంటిస్తాయి.

బంతి, చామంతి: ఆకుల మీద మచ్చలు, గోధుమరంగు మాడు, వంకరపోయిన చిన్న పూలు. వేరుశనగను ఎండబెట్టిన ఆ వైరస్ బంతిలోనూ ఉంటుంది. బంతి తోటను ఆనుకుని వేరుశనగ ఉంటే ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకే వీలుంది.

ప్రతి పసుపూ వైరస్ కాదు

ఇక్కడ తొందరపాటు పనికిరాదు. పసుపు కనిపించగానే పీకేస్తే బంగారంలాంటి మొక్క పోతుంది.

మన ప్రాంతంలో చాలా నేలలు సున్నం పాలు ఎక్కువున్నవి. బోరు నీళ్లూ అంతే. అలాంటి చోట మల్లె, మందారం, గులాబీ, చీనీ మొక్కలకు ఇనుము అందదు. అప్పుడు లేత ఆకులు పసుపు పచ్చగా మారి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. ఆకుకు రెండు వైపులా ఒకేలా, మొక్కంతటా ఒకే తీరుగా ఉంటుంది. వంకర పోదు. ఇది జబ్బు కాదు, లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి, ఎండ తగ్గిన వేళ వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు చల్లితే తేరుకుంటుంది. తేరుకుంటే అది వైరస్ కానట్టే!

మిరపలో ముడతలూ అంతే. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే పైముడత, అది తామర పురుగుల పని. కిందికి ముడుచుకుని ఆకు కాడ సాగితే కిందిముడత, అది నల్లి పని. రెండూ అదుపు చేయగలిగినవే. ఆకు తిప్పి, తెల్ల కాగితం మీద దులిపి చూస్తే కదిలే చుక్కలు కనిపిస్తాయి.

పక్క చేలో గడ్డిమందు కొట్టినప్పుడు గాలికి తుంపర వచ్చి పడినా టమాటా, బొప్పాయి ఆకులు తాడులా సన్నబడతాయి. అయితే కొత్త ఆకులు మళ్లీ మామూలుగా వస్తాయి. వైరస్ అయితే కొత్త ఆకే ఎక్కువ చెడి వస్తుంది. అనుమానం ఉంటే రెండు వారాలు ఆ మొక్కను ముట్టకుండా గమనించండి. కుండీ అయితే దూరంగా జరపండి. మనుషుల జబ్బుకు వేరుగా ఉంచడమంటే ఏమిటో 2020లో ఇంటింటికీ తెలిసొచ్చింది కదా, మొక్కకూ అదే.

అందంగా ఉందని దాచుకుంటే...

క్రోటన్లకు, మనీప్లాంట్‌కు ఉండే పసుపు, తెలుపు చారలు పుట్టుకతో వచ్చినవి. అవి జబ్బు కావు. కానీ కొన్నిసార్లు జబ్బే అందంగా కనిపించి మనుషుల్ని మోసం చేస్తుంది.

పదిహేడో శతాబ్దంలో హాలెండ్‌లో తులిప్ పూలంటే పిచ్చి. ఒకే రంగు పూల కన్నా, తెల్లటి రేకు మీద ఎర్రటి మంటల్లాంటి చారలున్న పూలకు విపరీతమైన ధర పలికింది. 1637లో ఆ బేరాలు కుప్పకూలాయి. ఆ చారలు వైరస్ వల్ల వచ్చాయని మాత్రం దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత, 1928లో ఇంగ్లండ్‌లో డొరొతీ కేలీ అనే శాస్త్రవేత్త ప్రయోగాలతో తేలింది. జనం వేలకు వేలు పోసి కొన్నది జబ్బు గడ్డల్ని!

మొన్నటికి మొన్న అమెరికాలోనూ అదే కథ. అక్కడ నీడలో పెంచుకునే హోస్టా అనే ఆకుల మొక్క ఉంది. మన ఇళ్లలో క్రోటన్ ఎలాగో వాళ్లకు అది అలాగ. ఆకుల మీద సిరా పారినట్టు కొత్త మచ్చలొచ్చిన మొక్కలకు ‘బ్రేక్‌డాన్స్’, ‘లెపర్డ్ ఫ్రాగ్’ అని ముచ్చటైన పేర్లు పెట్టి కొత్త రకాలుగా అమ్మారు. అది హోస్టాకు వచ్చే ఒక వైరస్ అని 1996లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బెన్ లాక్‌హార్ట్ గుర్తించాడు. దాన్ని మోయడానికి ఏ పురుగూ అక్కర్లేదు. గడ్డను విడదీసే కత్తికి అంటిన రసం చాలు. ఒకరి తోటలో గడ్డ కోసి ఇంకొకరికి పంచుకున్న ప్రేమే దాన్ని ఊరూరా తిప్పింది. చివరికి వాళ్లకు మిగిలిన ఉపాయం కూడా ఒక్కటే... పీకి పారేయడం.

మన దగ్గర హోస్టా లేదు. కానీ మెట్టతామర దుంపలున్నాయి, చామంతి పిలకలున్నాయి, అరటి పిలకలున్నాయి. పంచుకునే అలవాటూ ఉంది.

హవాయి పెరళ్ల కథ

‘నా ఇంట్లో ఒక్క చెట్టు ఉంటే లోకానికేం నష్టం?’ అని అడిగేవాళ్లకు హవాయి దీవుల కథ చెప్పాలి. అక్కడ పునా అనే ప్రాంతంలో బొప్పాయి తోటలు విస్తారంగా ఉండేవి. దగ్గర్లోని హిలో పట్టణంలో రింగ్‌స్పాట్ వైరస్ ఉంది. అది తోటలకు చేరకుండా వ్యవసాయ శాఖవాళ్లు ఏళ్ల తరబడి పెరళ్లలో తిరిగి, జబ్బు చెట్లను వెతికి నరికించేవారు. అన్నేళ్లూ తోటలు నిలిచాయి. 1992లో వైరస్ పునా తోటల్లోకి దిగింది. కొందరు రైతులు జబ్బు తోటల్ని నరకకుండా అలాగే వదిలేయడంతో అవే జబ్బు కొట్లుగా మారాయి. రెండు మూడేళ్లలో చాలా తోటలు పోయాయి. 1998లో జన్యుమార్పిడి చేసిన ‘రెయిన్‌బో’ రకం వచ్చాకే అక్కడి రైతు ఊపిరి పీల్చుకున్నాడు.

మనకు అలాంటి రకం సాగులో లేదు. రైల్వేకోడూరు, రాజంపేట వైపు బొప్పాయి తోటల మీద బతికే కుటుంబాలు ఎన్నో. ఊళ్లో పెరటి చెట్టుకూ ఊరవతల తోటకూ మధ్య పేనుబంకకు గోడ ఏమీ లేదు. పెరట్లో మనకు పోయేది నాలుగు కాయలు. తోటలో పోయేది పిల్లల చదువు.

పీకడానికీ పద్ధతుంది

వైరస్ అని ఖాయం అయ్యాక ఆలస్యం చేయొద్దు. అయితే ఊపేసి పీకొద్దు. ఊపితే తెల్లదోమ, పేనుబంక లేచి పక్క మొక్కల మీద వాలతాయి. చిన్న మొక్క అయితే పాత ప్లాస్టిక్ సంచి మెల్లగా తొడిగి, మూతి పట్టుకుని వేళ్లతో సహా లాగండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పురుగులు చురుగ్గా ఉండవు. అదే మంచి వేళ. తీసినదాన్ని గోడ మీద నుంచి పక్క స్థలంలోకి విసరడం మాత్రం చేయకండి. గుంత తీసి పూడ్చండి.

అరటికి ముందుగా మొవ్వులో కొద్దిగా కిరోసిన్ పోసి పేనుబంకను చంపాలి. తర్వాత ఆ పిలక ఒక్కటే కాదు, దుంపతో సహా గుబురంతా తీయాలి. పక్క పిలకలు పచ్చగా ఉన్నా దుంప ఒకటే కదా!

పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కత్తి, కత్తెర మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచాలి. అన్ని వైరస్‌లూ కత్తితో పాకవు. కానీ పాకేవి ఏవో పాకనివి ఏవో లెక్కచూసుకోవడం కన్నా కత్తి మరిగించడమే తేలిక. రోజూ పెరట్లో పనిచేసేటప్పుడూ ఒక వరస పెట్టుకోండి. ముందు మంచి మొక్కలు, చివర అనుమానం ఉన్నవి.

మిగిలిన మొక్కలకు కాపలా కావాలి. పసుపు రంగు అట్టకు ఆముదం పూసి మొక్కల మధ్య కడితే తెల్లదోమ, పేనుబంక వచ్చి అంటుకుంటాయి. నీలం అట్టకు తామర పురుగులు వస్తాయి. వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్లు కలిపి వారానికోసారి ఆకుల అడుగున తడిసేలా చల్లొచ్చు. బెండ, మిరప మడి చుట్టూ ఒకటి రెండు సాళ్లు జొన్నో మొక్కజొన్నో వేయండి. పురుగుకు అడ్డు, పిల్లలకు కంకులు! నారు పోసుకునేవాళ్లు పైన సన్నటి నైలాన్ వల కప్పితే, నాటే రోజు దాకా నారు భద్రంగా ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఇంటి చుట్టూ ఉన్న వయ్యారిభామ. ఖాళీ స్థలం మనది కాకపోయినా దాని పుప్పొడి మన ఇంటికే వస్తుంది. తొలకరి పడిన మూడు నాలుగు వారాల్లో, పూత రాకముందే పీకించాలి. నేల తడిగా ఉన్నప్పుడు వేరు సులువుగా వస్తుంది. చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఈ మొక్క తగిలితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఆయాసం పెరుగుతుంది. అంటే దీన్ని తీసేస్తే మొక్కలకే కాదు, ఇంట్లో పెద్దవాళ్లకూ మేలే. తుత్తురుబెండ, గడ్డిచామంతి లాంటి కలుపు మొక్కల్లోనూ ఆ వైరస్ తలదాచుకుంటుంది. వాటినీ వదలొద్దు.

పిలక ఇచ్చేముందు

‘మీ చామంతి పిలకొకటి ఇయ్యక్కా’ అంటే కాదనడం మన ఇళ్లలో లేదు. ఇవ్వండి. కానీ ఇచ్చేముందు తల్లి మొక్కను ఒకసారి తేరిపార చూడండి. ఆకుల్లో మచ్చ, మొవ్వులో ముడత ఉంటే, ‘దీనికి జబ్బుంది, ఇంకోటి తెచ్చుకుందాం’ అని చెప్పడమే అసలైన స్నేహం. తీసుకునేవాళ్లు కూడా కొత్త పిలకను వెంటనే గుంపులో నాటకుండా మూడు నాలుగు వారాలు వేరే కుండీలో పెట్టి చూసుకోవాలి.

పాత చెట్టు తీసిన చోట మళ్లీ బొప్పాయి పెట్టాలనుకునేవాళ్లకు ఒక మంచి మాట. రింగ్‌స్పాట్ వైరస్ మట్టిలో ఉండిపోదు, విత్తనంతోనూ రాదు. చుట్టుపక్కల జబ్బు చెట్టు మిగలకుండా చూసుకుంటే చాలు, కొత్త మొక్క హాయిగా పెరుగుతుంది. కాకపోతే కాకర, సొర, గుమ్మడి తీగల్ని దానికి దూరంగా పాకించండి. ఆ జాతి తీగలకూ ఈ వైరస్ సోకుతుంది.

బండ పక్కన చెట్టు లేని ఆ ఖాళీ నాలుగు రోజులు కంటికి ఇబ్బందిగానే ఉంటుంది. వీధిలో అందరూ అదే పని చేసిన ఏడు, మళ్లీ నాటిన బొప్పాయి వెడల్పాటి పచ్చటి ఆకుతో గోడ దాటి కనిపిస్తుంది. పక్కింటామె మళ్లీ అడుగుతుంది... ఈసారి ఆకు గురించి కాదు, కాయ గురించి!

గుర్తుంచుకోండి

వైరస్ సోకిన మొక్కకు మందు లేదు. తీసేయడమే మిగిలినవాటికి మందు.

ఆకంతా ఒకే తీరు పసుపైతే పోషక లోపం, గజిబిజి మచ్చలూ వంకరలూ ఉంటే వైరస్ అనుమానం.

జబ్బు మొక్క నుంచి పిలక, దుంప, అంటు... ఏదీ తీయొద్దు, ఇవ్వొద్దు.

పొగాకు ముట్టిన చేతులు కడుక్కోకుండా టమాటా, మిరప నారు ముట్టొద్దు.

వయ్యారిభామను పూతకు ముందే పీకాలి. పూసిందంటే ఆలస్యమైనట్టే.